స్ప్రింగు మెషిన్‌కి రెండో మనిషి

మా ఆయన తన చేతిలోని పనితనాన్ని నాకు కాకుండా నా తోడికోడలికి ఎందుకిచ్చారు?

ఎనిమిదేళ్ళుగా ఈ సందేహం నాతోపాటే నిద్ర లేస్తోంది. పొద్దున్నే దేవుడి ముందు దీపం వెలిగించేటప్పుడు ఒక్క నిమిషం మనసు కుదురుగా ఉంటుంది. అగ్గిపుల్ల ఆర్పగానే మళ్ళీ ఇదే. బయటి మనిషికి నేర్పి ఉంటే ఇంట్లో పెద్ద రభస చేసేదాన్ని. నేర్పింది సొంత తమ్ముడి భార్యకి, ఒకే వంటింట్లో నా మోచేతికి మోచేయి తగిలేంత దగ్గరగా నిలబడే మనిషికి. ఏమని గొడవపడను? ఆయన్నే అడిగేస్తే పోయేది. కానీ అడిగి తీసుకునేది నాకు అక్కర్లేదు, అడక్కుండా ఇవ్వాలి అని ఒక పంతం. ఆ పంతంతోనే ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఇంతా చేస్తే ఆ పనితనం దేని గురించంటే, గ్యాస్ స్టవ్ వాల్వు లోపల కూర్చునే చిటికెన వేలి గోరంత స్ప్రింగు గురించి. దాన్ని చుట్టే మెషిన్‌ని సరిచేయడం. తీగ చుట్ట మారిన ప్రతిసారీ ఆ మెషిన్ మొరాయిస్తుంది. ఒక చుట్టలో తీగ కాస్త బిరుసు, ఇంకో చుట్టలో కాస్త మెత్తన. స్ప్రింగు పొడుగు పన్నెండు మిల్లీమీటర్లు ఉండాలి, వెంట్రుక మందం తేడా వచ్చినా పారేయాల్సిందే. ఆ తేడాను వేళ్ళతోనే పసిగట్టి, స్పానర్‌ని ఎంత తిప్పాలో అంతే తిప్పడం ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో మా ఆయన ఒక్కరికే వచ్చు. ఇప్పుడు నా తోడికోడలు ఒక్కదానికే వచ్చు. అందుకే అక్కడ ఆమె పేరు స్ప్రింగమ్మ. నాకు పేరేమీ లేదు. వాల్వులు బిగించే లైనుకి లీడర్ని, నలభై మంది ఆడవాళ్ళ మీద. అందరూ అక్కా అంటారు, అంతే.

మొదటి నుంచీ చదువుతున్నవారు కాస్త ఓపిక పట్టాలి, ఇవాళే పుస్తకం చేతిలోకి తీసుకున్నవారికి రెండు ముక్కలు చెప్పేస్తాను. మా వాల్వులు కొనే పెద్ద కంపెనీ ఒకాయన్ని మా దగ్గరికి పంపింది. రోడ్లు తెగితే, ఓడలు ఆగితే సరుకు ఎలా అన్న లెక్కలు వాళ్ళ దగ్గర వేరే ఉన్నాయట. ఈయన చూడాల్సింది ఫ్యాక్టరీ లోపల, మనుషుల వల్ల వచ్చే ప్రమాదం. ప్రతి మెషిన్ దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఈ మనిషి రేపు రాకపోతే?" మేం ఆయనకి 'రాకపోతే సారు' అని పేరు పెట్టేశాం. ఆ పని ముగ్గురికి వస్తే క్యాంటీన్ గోడ మీది పట్టికలో ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. ఇద్దరికి వస్తే పసుపు. ఒక్కరికే వస్తే ఎరుపు.

ఎరుపంటే ప్రమాదం. ఆయన అలాగే అంటించారు. మేం మాత్రం దాన్ని పతకంలా చదువుకున్నాం. కంప్రెసర్ చూసుకునే పెద్దాయన సారు వెనకాల రెండు రోజులు తిరిగాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసండీ, ఆకుపచ్చ అంటించారు, ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను? పోనీ పసుపైనా చూడండి" అని. నాకూ ఆకుపచ్చే. నా పని ఇంకో ఐదుగురు చేయగలరని, వాళ్ళకి నేనే నేర్పానని గొప్పగా చెప్పాను. సారు ఎంతో సంతోషించి ఆకుపచ్చ అంటించారు. పదహారేళ్ళ చాకిరీకి ఆకుపచ్చ! గోడ మొత్తానికి ఒకే ఒక్క ఎరుపు, అది స్ప్రింగమ్మది. క్యాంటీన్‌లో ఎటు తిరిగి కూర్చున్నా ఆ చుక్క నా వీపుకి గుచ్చుకునేది.

పోయిన వారం, ఒకరు రాకపోతే ఆ పని చేసే రెండో మనుషుల జాబితా మీద సంతకాలు పెట్టమని నాకిచ్చినప్పుడు, స్ప్రింగు మెషిన్ వరసలో ఖాళీగా ఉన్న చోట నా పేరు రాసేశాను. పనిలో చేరిన కొత్తలో ఆయన పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ చూడటాన్నే నేర్చుకోవడం అనుకోమని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాటికి ఎరుపు పసుపైంది. నా తోడికోడలు పట్టిక ముందు చాలాసేపు నిలబడింది. నావైపు తిరగకుండానే వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం టీ తాగుతుంటే రాకపోతే సారు క్యాంటీన్‌లోకి వచ్చారు. వెనకాల మేనేజరుగారు, ఆయన వెనకాల ఫోర్‌మన్. సారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆయన నోరు తెరిస్తే మేం గ్లాసులు కింద పెట్టేస్తాం.

"కాగితం మీద ఉన్నది ఒకసారి కళ్ళతో చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది," అన్నారు. "పసుపు చుక్కలున్న చోట మొదటి మనిషి ఒక రోజు ఇంట్లో ఉంటారు. జీతం పోదు. రెండో మనిషి నడుపుతారు. రేపు స్ప్రింగు మెషిన్‌తో మొదలుపెడదాం."

నేను ఖాళీ గ్లాసు ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాను.

"చూశారా, పసుపు వచ్చినా ఒక రోజు సెలవు దక్కేది నాకు," అని కంప్రెసర్ పెద్దాయన గొణిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వేరే ఎవరిదోలా వినిపించింది.

మేనేజరుగారు నన్ను తలుపు దగ్గరికి పిలిచారు. "చూడమ్మా, మూడేళ్ళ ఆర్డరు ఈయన రిపోర్టు మీద ఉంది. రేపు స్ప్రింగులు సరిగా రాకపోతే సగం వాల్వులు ఇంకో ఫ్యాక్టరీకి పంచేస్తారు. సగమంటే మీ లైనులో ఇరవై మంది. నిజంగా వచ్చా నీకు?"

"వచ్చు సార్."

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు ఫోర్‌మన్.

"ఇంట్లో మెషిన్ సరిచేసే సెట్టర్లు ఇద్దరున్నారు. గాలికే వస్తుంది."

"మా ఆవిడ లెక్కల టీచరు. పాతికేళ్ళుగా ఆ గాలే పీలుస్తున్నాను. నాకింకా పదమూడో ఎక్కం రాలేదు."

ఈలోగా నా తోడికోడలు సారు దగ్గరికి వెళ్ళింది. కోపంగా ఏదో అంటుందని చెవులు రిక్కించాను.

"రేపు పూర్తి రోజా సార్? మధ్యలో పిలవరు కదా?"

"పిలిస్తే ఇంక పరీక్ష ఏముందమ్మా?"

ఆమె ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. పండగ సెలవు దొరికిన బడిపిల్లలా అయిపోయింది. నా పరువు పోయే రోజు కోసం ఎంత సంబరమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆమె మెడ వంక చూస్తూ దారి పొడుగునా ఒకటే ప్రార్థన: దేవుడా, రేపు ఆ మెషిన్‌కి ఏదైనా అయితే బాగుండు. దేవుణ్ణి అడగాల్సినవి ఇలాంటివేనా అని కూడా అనిపించింది. అయినా అడిగాను.

ఇంట్లో రెండు గదులు మావి, రెండు వాళ్ళవి. వంటిల్లు ఒకటే, పెరట్లో కొళాయి ఒకటే. మరిది లారీ నడుపుతాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఇంకా ఎండ ఉంది. నేను కొళాయి దగ్గర టిఫిన్ బాక్సులు తోముతున్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది.

"అక్కా."

"ఊ."

"రేపు ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? నడుపుతాను."

"తీగ ఏ పక్క నుంచి ఎక్కించాలో తెలుసా?"

"ఆ మెషిన్ నువ్వేమన్నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా? మా ఆయన పదిహేనేళ్ళు నిలబడ్డారు దాని దగ్గర."

"నిలబడ్డారు. ఆయన నిలబడితే నువ్వు నిలబడ్డట్టా?"

"ఓహో, ఎర్ర చుక్క పోయిందని మంటగా ఉందన్నమాట! గోడ ముందు నిలబడి ఎంతసేపు కుళ్ళుకున్నావో నేను చూడలేదనుకున్నావా?"

ఆమె నవ్వింది. వెక్కిరింత నవ్వు కాదది. అలసిపోయిన మనిషి నవ్వు.

"కుళ్ళా? అక్కా, పట్టికలో నీ పేరు చూడగానే నాకు ఊపిరి ఆడింది. బావగారు ఎప్పుడైనా నీకు నేర్పారేమో, నువ్వు పైకి చెప్పలేదేమో అనుకున్నాను. రెండు రోజులు అదే నిజం కావాలని దణ్ణం పెట్టుకున్నాను." చేయి చాచింది. "ఆ సబ్బు ఇలా ఇవ్వు."

ఇచ్చాను. ఆమె కుడి చేతిలో పెట్టాను. అది జారి కింద పడింది.

"తడిగా ఉంది, జారింది," అన్నాను.

"తడి కాదక్కా. ఈ రెండు వేళ్ళకీ అక్కడ సబ్బు ఉందో లేదో తెలియదు. బొటనవేలికి పట్టు లేదు. ఎనిమిది నెలలైంది."

"మరి డాక్టరుకి చూపించుకోలేదా?"

"ఎప్పుడు చూపించుకోను? చేతుల డాక్టరు పెద్దాసుపత్రికి గురువారాలే వస్తాడు. గురువారం నేను రాకపోతే మీ నలభై మందీ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎర్ర చుక్కంటే ఏమనుకున్నావు నువ్వు? జ్వరమొచ్చినా మాత్ర మింగి రమ్మంటారు. మా అమ్మ కాలు విరిగిన రోజున నేనెక్కడున్నాను? మెషిన్ దగ్గర. ఆదివారం దాకా ఆగి వెళ్ళాను. నువ్వా చుక్క కోసం కొట్టుకుంటున్నావు."

"ఈ సంగతి మేనేజరుకి చెప్పొచ్చుగా?"

"డాక్టరు ఏమంటాడో తెలియకముందే చెబితే నన్ను పంపేస్తారు. బావగారు తన చేయి సంగతి చెప్పారా?"

"ఆయన సంగతి వేరు. ఆయనకి చేయి పట్టు తప్పింది ఉద్యోగం మానేశాక."

ఆమె తల వంచుకుని సబ్బు తీసి పళ్ళెంలో పెట్టింది, ఎడమ చేత్తో.

"మానేశాక కాదు," అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది.

మా ఆయన. టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని ఉన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆయన గ్లాసు పట్టుకునే పద్ధతే అది.

"మానేయడానికి ఐదు నెలల ముందే పట్టు తప్పింది. స్పానర్ చేతిలో నిలిచేది కాదు. ఈ అమ్మాయి అప్పుడు పక్క మెషిన్ మీద ఉండేది. మూడో రోజుకే కనిపెట్టేసింది. ఏమైంది బావగారూ అని అడగలేదు. వచ్చి నా చేతిలోంచి స్పానర్ తీసుకుంది. నేను చెప్పేవాణ్ణి, ఈ అమ్మాయి తిప్పేది. మన పెద్దమ్మాయి ఆ ఏడాది పరీక్షలు అయ్యేదాకా అలాగే నెట్టుకొచ్చాం. నేనేమీ నేర్పలేదు. అలా చేసి చేసి తనకే వచ్చేసింది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే నువ్వు ఊరుకునేదానివా? తిండి మానేసేదానివి. మేనేజరు గదిలోకెళ్ళి ఏడ్చేదానివి. నా ఉద్యోగం ఆ రోజే పోయేది."

సరిగ్గా అదే చేసేదాన్ని.

ఎనిమిదేళ్ళ సందేహం తీరింది. అప్పుడు నేను చేయాల్సింది ఆమె చేతులు పట్టుకోవడం. మంచి మనిషి ఎవరైనా అదే చేస్తుంది. నాకు మాత్రం కుళ్ళు రెండింతలైంది. పని ఇవ్వలేదు సరే. ఆయన చేయి మొద్దుబారిందన్న సంగతి ఇచ్చారు కదా! అది నాకు రావాల్సింది కాదా? ఐదు నెలలు ఆయన పక్కనే పడుకున్నాను, ఆ చేతికి గ్లాసు అందించాను, ఆ చేత్తోనే ఆయన నా తల నిమిరారు. నాకు తెలియలేదు. పక్క మెషిన్ మీద ఉన్న ఆమెకి మూడు రోజుల్లో తెలిసింది. దీనికన్నా ఆయన ఆమెకి కూర్చోబెట్టి పని నేర్పి ఉంటేనే నయం.

"ఇద్దరూ కలిసి బాగానే దాచారు," అన్నాను.

నా తోడికోడలు పీట మీంచి లేచింది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచడం నేను వినలేదు.

"దాచాను. ఆ ఐదు నెలలూ భోజనాల దగ్గర నీ పక్కన చోటుంటే నేను కూర్చోకుండా బాక్సు అడ్డం పెట్టేదానివి. బావగారి మెషిన్ చుట్టూ తిరుగుతోంది చూడండి అని లైనంతా చెప్పావు. అన్నీ నా చెవిన పడ్డాయి. అప్పుడు ఒక్క మాట విప్పితే నీ నోరు మూతపడేది. విప్పలేదు. అదీ దాచాను. లెక్కేసుకో అక్కా, ఇంకేం దాచానో. నీ దగ్గర నాకో ఆదివారం కూడా ఉంది."

ఆ మాటతో నా చేతిలోని బాక్సు ఆగిపోయింది.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. ఒకరి రోజు ఇంకొకరు పని చేసిపెడితే, నెల తిరక్కుండా ఆ రోజు తిరిగి చేసివ్వాలి. ఆఫీసు పుస్తకాల్లో ఎక్కడా ఉండదు, మనిషికీ మనిషికీ మధ్య మాట అంతే. చేబదులు ఎగ్గొట్టేవాళ్ళు కూడా రోజు ఎగ్గొట్టరు. ఆరేళ్ళ కింద మా అక్క కూతురి పెళ్ళికి వెళ్ళాలని నా ఆదివారం షిఫ్టు ఆమె చేసింది. ఆ మర్నాడే మేనేజరుగారు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. నేను తిరిగి ఇవ్వలేదు. అడగనీ చూద్దాం అనుకున్నాను. ఆమె అడగలేదు. ఆమె అడగకపోవడం కూడా నాకు కంటగింపే అయింది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "రేపు ఇవ్వు. పన్నెండింటిదాకా చాలు. సారు సెలవని చెప్పగానే ఫోన్ చేసి నంబరు తీసుకున్నాను. ఇరవై ఆరు. పన్నెండులోపు లోపలికి పిలుస్తారట. అప్పటిదాకా నన్ను ఫ్యాక్టరీ నుంచి ఎవరూ పిలవకుండా చూడు. తర్వాత నువ్వు ఏం చెప్పుకున్నా నీ ఇష్టం."

"పిలిస్తే రానని చెప్పు."

"చెప్పలేనక్కా. మెషిన్ ఆగిందంటే నా కాళ్ళు ఆగవు. నీకు తెలుసుగా."

తెలుసు. మా ఆయనా అంతే.

తర్వాత గంటసేపు ఇద్దరూ నన్ను ముందు కూర్చోబెట్టుకుని చెప్పారు. బల్ల మీద జానెడు తీగ, పెన్సిలు, నా పాత నోటుబుక్కు. "మెషిన్ మీద పాత చుట్ట ఉంది, పదిన్నర దాకా వస్తుంది. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు," అని ఆమె. "కొత్త చుట్ట ఎక్కించాక మొదటి ఇరవై పారేయాలి," అని ఆయన. "పొట్టిగా వస్తే..." అని ఆమె మొదలుపెడితే "...చక్రం ఎడమకి, అర గీత," అని ఆయన ముగించేవారు. పొడుగొస్తే అని ఆయన అనబోతే ఆమె అప్పటికే తల ఊపేది. ఇరవై మూడేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక మాటను అలా పంచుకున్నది లేదు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. పెన్సిలు ముక్కు రెండుసార్లు విరిగింది.

గురువారం పొద్దున్న దేవుడి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏమడగాలో తోచలేదు. నా అబద్ధం నిలబెట్టమని అడగకూడదు. మెషిన్ చెడిపోవాలని మళ్ళీ అడగలేను. పన్నెండింటిదాకా చాలు స్వామీ, అన్నాను చివరికి. అది కూడా అబద్ధానికి తోడు రమ్మనడమేనా? ఆయనకే తెలియాలి. వీధి చివర ఆమె ఆసుపత్రి బస్సెక్కింది, నేను ఫ్యాక్టరీ బస్సెక్కాను.

స్ప్రింగు మెషిన్ దగ్గర ఒంటరిగా నిలబడటం అదే మొదటిసారి. పక్కనే ఆమె స్టూలు, దాని మీద పాత దుప్పటి మడిచి కుట్టిన మెత్త. సెట్టింగు చక్రం అంచున తెల్ల రంగు గీతలు, అంకెలు ఉన్నాయి. ఏడు అంకెకి అడ్డగీత పెట్టడం మా ఆయన అలవాటు, చూడగానే పోల్చుకున్నాను. ఒక్కో తెల్ల గీత పక్కనా సన్నటి ఎర్ర గీత ఉంది. అవి ఆమెవి. ఆయన గీత మీద ఆమె గీత ఎక్కడా పడలేదు, వెంట్రుక దూరంలో ఆగింది. ఆ గీతల్ని గోరుతో గీకేయాలనిపించింది. స్విచ్ వేశాను.

ఎనిమిది నుంచి తొమ్మిది దాకా స్ప్రింగులు వానచినుకుల్లా ట్రేలో రాలాయి. పొడుగు కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే పన్నెండు, పన్నెండు, పన్నెండు. నిన్న ఆమె చేసిన సెట్టింగు అది. చూస్తున్నవాళ్ళు మాత్రం నా పనే అనుకున్నారు. ఫోర్‌మన్ కనుబొమలెత్తి, "గాలికే వచ్చిందన్నమాట," అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గంటసేపు నేను స్ప్రింగమ్మనే. చాలా బాగుంది.

తొమ్మిదింపావుకి రాకపోతే సారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "బాగుందమ్మా. ఇప్పుడు కొత్త చుట్ట ఎక్కిస్తారా?"

"ఇది ఇంకా పదిన్నర దాకా వస్తుంది సార్."

"రానివ్వండి, తర్వాత వాడుకోవచ్చు. నేను చూడాల్సింది కొత్త చుట్టతోనే."

ఎక్కించాను. తీగ కుడి పక్క నుంచే ఎక్కించాను, అంతవరకు నయం. మొదటి ఇరవై పారేశాను. ఇరవై ఒకటోది పన్నెండున్నర. అర గీత తిప్పాను. పదకొండు ముప్పావు. వెనక్కి తిప్పాను. పన్నెండుంబావు. నోటుబుక్కు తెరిచి చూశాను. అందులో ఎంత తిప్పాలో ఉంది. తిప్పేటప్పుడు వేలికి ఏం తెలియాలో లేదు. ఒకసారి సరిగ్గా పన్నెండు వచ్చింది, వరసగా తొమ్మిది స్ప్రింగులు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదోది మళ్ళీ పొడుగు. పది గంటలయ్యేసరికి తుక్కు డబ్బా సగం నిండింది. పదకొండుకి రెండో డబ్బా తెచ్చారు. చమట కళ్ళలోకి కారుతోంది. ప్రతి ఐదు నిమిషాలకీ గోడ గడియారం చూస్తున్నాను. సారు నన్ను చూస్తున్నారు, గడియారం చూస్తున్న నన్ను కూడా చూస్తున్నారు.

పదకొండున్నరకి నా లైను ఆగిపోయింది. స్ప్రింగులు లేవు. నేను నేర్పిన నలభై మందీ బల్లల దగ్గర నుంచి తలలు తిప్పి నావైపు చూశారు. ఎవరో "అక్కకి రావట్లేదు," అంది, మెల్లగానే. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

మేనేజరుగారు జేబులోంచి ఫోన్ తీశారు. "చాలమ్మా. ఆమెని పిలుస్తాను. ఎక్కడున్నా అరగంటలో వచ్చేస్తుంది."

"వద్దు సార్."

"ఏంటి వద్దు? లైను ఆగింది!"

ఆయన అప్పటికే నంబరు నొక్కుతున్నారు. నాకు ఇంకేం తోచలేదు. చెయ్యెత్తి ఆ ఫోన్ మీద అడ్డం పెట్టేశాను. నూనె చేయి. మేనేజరుగారి తెల్ల చొక్కా కఫ్ మీద ఐదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"ఆమె వస్తే పది నిమిషాల్లో సరిచేస్తుంది. పిలిస్తే వస్తుంది కూడా. అందుకే పిలవద్దంటున్నాను," అన్నాను. సారు వైపు తిరిగాను. "సార్, నాకు ఈ పని రాదు. ఎప్పుడూ రాలేదు. ఆ వరసలో నా పేరు రాసింది నేనే. ఎవరూ రాయమనలేదు. ఆమెకి ఎర్ర చుక్క వచ్చింది, నాకు ఆకుపచ్చ వచ్చింది. ఓర్వలేక రాశాను."

ఫోర్‌మన్ నోరు తెరిచాడు. ఈసారి జోకేమీ రాలేదు. లైనులో అందరూ విన్నారు. ఇన్నేళ్ళూ ఆమె గురించి నేను ఏమేం చెప్పానో అవన్నీ విన్నది కూడా వీళ్ళే. ఇది కూడా విననీ అనుకున్నాను.

"ఎంత పని చేశావమ్మా," అన్నారు మేనేజరుగారు. అరవలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుండిపోయారు. "నీ ఉద్యోగం సంగతి తర్వాత. ఇప్పుడైనా ఆమెని పిలవనీ. ఆర్డరు పోతుంది."

"ఇవాళ్టి రోజు ఆమెది సార్. ఆరేళ్ళ కింద నా ఆదివారం ఒకటి ఆమె చేసింది. నేను తిరిగి ఇవ్వలేదు. ఇవాళ ఇస్తున్నాను. పన్నెండింటిదాకా ఆగండి. తర్వాత నన్ను ఏం చేసినా సరే."

ఆఫీసువాళ్ళకి ఆ మాట అర్థమైందో లేదో. లైనులో నలభై మందికీ అర్థమైంది. ముందు వరసలోని ఒకామె లేచి వచ్చి, తుక్కు డబ్బా పక్కకి జరిపి, నా పక్కన నిలబడింది.

రాకపోతే సారు మాత్రం తన ఫైల్లోంచి పట్టిక నకలు తీసి పసుపు చుక్కను గోరుతో మెల్లగా లేపారు. అది ఆయన వేలికి అంటుకుంది. ఎర్ర చుక్కల షీటు ఇంకా తీయలేదు.

"పన్నెండుకి ఏముందమ్మా?" అన్నారు.

నేను చేతుల నూనె గుడ్డకి తుడుచుకున్నాను.

"సరే, అది మీ ఇంటి సంగతి. ఇవాళ సెలవు నేనిచ్చిందే. నా పని నేను అడగాలి." ఆయన నా కళ్ళలోకి చూశారు. "ఆవిడ రేపు రాకపోతే?"

వారం రోజులుగా ఆ ప్రశ్నకి పడీ పడీ నవ్వుకున్నాం. ఇప్పుడెవరూ నవ్వలేదు. ఆమె వేళ్ళ సంగతి చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, ఒకప్పుడు మా ఆయన విషయంలో ఆమె చేసింది ఇప్పుడు నేనూ చేసినట్టే. పైగా ఆయన చేయి ఏమైందో నాకు తెలుసు. మేనేజరుగారు, ఫోర్‌మన్, లైనంతా నా నోటి వంక చూస్తున్నారు. సారు కలం మూత తీశారు.

పన్నెండు గంటల సైరన్ మోగింది. ఈపాటికి ఇరవై ఆరో నంబరును లోపలికి పిలిచి ఉంటారు. ఆమె తన కుడి చేయి డాక్టరు బల్ల మీద పెట్టి ఉంటుంది. ఆరేళ్ళుగా నా దగ్గరున్న ఆమె ఆదివారం ఆమెకి చేరింది.